మార్హూ ద్వీపంలో వేరు కుంపటి

భూమిని చేసినవాడు ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రం పోస్తుండగా చెయ్యి వణికి జారిపోయిన రాతిముక్కే మా మార్హూ ద్వీపమని ఫ్రెంచివాళ్లంటారు. చెయ్యి వణకలేదనీ, మిగతా భూగోళమంతా చేసి చెయ్యి తిరిగిన తరవాతనే మమ్మల్ని చేశాడనీ మేమంటాం. ఈ వివాదం తేలేలోగా ఊరికే కూర్చోవడం ఎందుకని మేము ఒక చట్టసభనూ, ఒక న్యాయస్థానాన్నీ, సముద్రం దాటితే ఎవరూ పుచ్చుకోని సొంత పౌండు నోటునూ ఏర్పాటు చేసుకుని సుఖంగా ఉన్నాం.

మా దీవిలో మనుషులకు కులాలు లేవు, ఇళ్లకున్నాయి. న్యాయస్థానం వారి పెద్ద పట్టీలో పేరెక్కిన ఇళ్లు అగ్రవర్ణం. వాటిని భూమ్మీద ఎవరైనా కొనుక్కోవచ్చు, సంచి బరువుగా ఉంటే చాలు. కొన్నవాడు ఎక్కణ్ణించి వచ్చాడనీ, ఏం చేస్తాడనీ, ఏం తింటాడనీ అడగడం మర్యాద కాదు. తక్కినవి స్వదేశీ ఇళ్లు. వాటిలో ఇక్కడి గాలి పీల్చి పుట్టినవాడే ఉండాలి. అయితే ఇక్కడి గాలి పీల్చి పుట్టినవాళ్లెవరికీ పక్కలు సర్దడం, గిన్నెలు తోమడం, మంచాన పడ్డ ముసలివాళ్లకు వండిపెట్టడం వంటి విద్యలు అబ్బలేదు గనక, ఆ విద్యలు తెలిసినవాళ్లను పని పరవానా మీద దిగుమతి చేసుకుంటాం. మాకు కావలసినవి చేతులు. చేతులతో పాటు మనిషి కూడా పడవ దిగడమే చిక్కు.

దిగిన మనిషి ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్నకు మా పూర్వులు జవాబు చెప్పే పోయారు. పరవానా మనిషి స్వదేశీ ఇంట్లో ఉండవచ్చు, ఆ ఇంటి కుటుంబంలో ఒకరుగా ఉంటేనే. అలా ఎనిమిదేళ్లు ఉంటే శాశ్వత హక్కు వస్తుంది. పట్టీ ఇంట్లో నౌకరుగానూ ఉండవచ్చు, ఏ ప్రశ్నలూ లేకుండా. కాని అక్కడ గడియారం తిరగదు. ముప్పై ఏళ్లు వండిపెట్టినా ఆ వంటమనిషి నిన్న పడవ దిగినదానికిందే లెక్క. ఇంతకీ కుటుంబమంటే ఏమిటని అడిగితే చట్టం నాలుగే మాటలు చెబుతుంది: "ఒకే నిప్పు, ఒకే కుండ." ఏనాడో ఒక నార్మన్ ప్రభువు పొయ్యికింతని పన్ను పిండడానికి కనిపెట్టిన మాట అది. ప్రభువు పోయాడు, పన్ను పోయింది, మాట మాత్రం పదవీ విరమణ చెయ్యలేదు. ఒక కప్పు కింద రెండో నిప్పు వెలిగితే అది రెండో ఇల్లు. ఆ రెండో ఇంట్లో పరవానా మనిషి ఉంటే అది నేరం. నేరం రుజువైతే గడిచిన ఏళ్లన్నీ రద్దు. వచ్చిన పడవే దిక్కు.

మా పేటకు పన్నెండుగురు పెద్దలం. నేను తొమ్మిదోవాణ్ణి. జూన్ నెలలో దారిపక్క పొదలు నిబంధన ప్రకారం కత్తిరించారో లేదో కొలవడం, వానలకు ముందు కాలువ మూతులు చూడడం, ఎవరింట్లోనైనా కుంపటి తనిఖీ జరిగితే సాక్షిగా కూర్చోవడం మా అధికారాలు. రోమను సెనేటుకు ఇంతకన్నా ఎక్కువ ఉండేవని చరిత్రకారులంటారు గాని, ఆ పెద్దమనుషులు ఒక్క పొదనైనా కొలిచినట్టు దాఖలా లేదు.

జింట్రా లాట్వియా దేశపు మనిషి. మా వృద్ధాశ్రమంలో వంట చేస్తుంది. పన్నెండుగురు పెద్దల్లో ఏడుగురి తల్లులు ఆమె చేతి కూడు తిని, మా మీద చాడీలు చెప్పడానికి కావలసిన బలం పుంజుకుంటున్నారు. ఏడేళ్లుగా ఆస్మండ్ క్వెరిపెల్ ఇంటి మేడగదిలో ఉంటోంది. ఇంకొక్క ఏడాది గడిస్తే హక్కు చేతికొస్తుంది. ఆ ఏడాది కోసం ఆమె పంటి నొప్పిని సైతం వాయిదా వేసుకుంది. ఇంగ్లండు వెళ్లి పన్ను పీకించుకుంటే లెక్కలో ఎన్ని రోజులు తెగిపోతాయో ఏ ఆఫీసువాడూ తేల్చి చెప్పలేకపోయాడు మరి.

ఆస్మండ్ రేవులో క్రేను నడిపి విశ్రాంతి పుచ్చుకున్నవాడు. జీవితమంతా ఆకాశంలో కూర్చుని నేలమీది వాళ్లతో మాట్లాడిన గొంతు కావడం వల్ల, ఎదురుగా కూర్చున్నవాడితో మాట్లాడినా ఓడ అడుగున ఉన్నవాడికి వినబడాలన్నట్టే మాట్లాడతాడు. భార్య ఆడెలా వదిలివెళ్లిన వాటిలో రెంటిని ప్రాణప్రదంగా చూసుకుంటాడు. ఒకటి టీ పాత్ర చల్లారకుండా తొడిగే ఊలు టోపీ. రెండోది చిక్కుడు గింజల మట్టికుండ. శనివారం సాయంత్రం ఆ కుండలో తెల్ల చిక్కుడు గింజలూ, ఉల్లిపాయలూ, ఒక పంది కాలూ వేసి పొయ్యిలో పెడితే ఆదివారం పొద్దుటికి పట్టాభిషేకం. ఆ రాజ్యపాలన గురువారం దాకా సాగుతుంది. శుక్రవారం సాయంత్రం జింట్రా తన గది తలుపేసుకుని, ఎవరికీ తెలియని చిన్న కరెంటు పొయ్యి మీద వెల్లుల్లి వేసి నల్లరొట్టె వేయించుకుంటుంది.

ఎవరికీ తెలియని అంటే, ఆస్మండ్‌కు తెలుసు, నాకు తెలుసు, పేటలో ముక్కున్న ప్రతివాడికీ తెలుసు. మా దీవిలో రహస్యమంటే అందరికీ తెలిసి ఎవరూ కాగితం మీద పెట్టనిది.

కాగితం మీద పెట్టినవాడు ఫెన్విక్. ఈయన లండన్‌లో డబ్బుకు డబ్బు అమ్మి, మూడేళ్ల కిందట ఆస్మండ్ పక్కనున్న పట్టీ ఇల్లు కొన్నాడు. ఆ ఇంట్లో మూడు వంటిళ్లున్నాయి. మూడింటిలో ఒక్కచోటైనా కోడిగుడ్డు ఉడకబెట్టడం తెలిసిన ప్రాణి లేదు. వచ్చిన నెలలోనే బెస్తవాళ్ల నీలం ఊలు చొక్కా తొడిగాడు. మేము మా తాతలతో పాటు పాతిపెట్టిన యాసను ఒక రిటైర్డు పంతులమ్మ దగ్గర నేర్చుకుని, దాంట్లో మమ్మల్ని పలకరించి, మాకు అర్థం కాకపోతే మా సంస్కృతి గతికి నిట్టూరుస్తాడు. కొత్త వైష్ణవుడికి నామాలెక్కువ కదా. "ఒకే నిప్పు, ఒకే కుండ అనే సనాతన ధర్మం ప్రతి శుక్రవారం వెల్లుల్లి వాసనతో గాయపడుచున్నది" అని ఆయన జనాభా ఆఫీసుకు రాశాడు. ఆఫీసు కదిలింది. నోటీసు అందించడం పెద్దల పనే గనక నేను తీసుకుపోయాను.

"ఆదివారం పదకొండింటికి తనిఖీ," అన్నాను. "ఆఫీసు తరఫున హిల్డా తొరోడ్ వస్తుంది."

"మన హిల్డానా?" ఆస్మండ్ ముఖం వెలిగింది. "ఆడెలా మేనకోడలోయ్! దాన్ని ఈ భుజాల మీద ఎక్కించుకుని రేవంతా తిప్పాను."

"భుజాలెక్కించుకున్నవాళ్లనే అది ముందు పట్టుకుంటుందోయ్. పోయిన నెల సొంత పిన్నికి జరిమానా వేసింది."

జింట్రా నోటీసు చదివి, మళ్లీ చదివి, బల్ల మీద పెట్టింది. "తప్పని తేలితే?"

"ఏడేళ్లూ సముద్రంలో కలిసినట్టేనమ్మాయ్."

"వేరే ఎవరింట్లోనైనా గది దొరకదా?"

"ఈ వారం పత్రికలో గదుల ప్రకటనలు రెండున్నాయి. ఒకటి గుర్రానికి."

"రెండోది?"

"ఆ గుర్రం పక్కన."

ఆమె నవ్వలేదు. చొక్కా జేబులోంచి బంగారు అంచున్న విజిటింగు కార్డు తీసి నోటీసు పక్కన పెట్టింది. "నిన్న పక్కింటాయన ఇచ్చి వెళ్లాడు. దురదృష్టవశాత్తూ ఏదైనా జరిగితే ఆయన వంటిల్లు నాకోసం తెరిచే ఉంటుందట. మూడింట్లో ఏది కావాలంటే అది."

"ఆఁ! ఫిర్యాదు పెట్టిందీ వాడే, పరామర్శకు వచ్చిందీ వాడేనా!" ఆస్మండ్ గర్జనకు కిటికీ అద్దాలు పలికాయి. "శుక్రవారం శుక్రవారం కంచె దగ్గర నిలబడి ముక్కు ఎగరేస్తుంటే సంస్కృతి కోసం ఏడుస్తున్నాడనుకున్నా. కడుపు కోసమన్నమాట!"

"అక్కడ గడియారం తిరగదు ముసలాయనా," అంది జింట్రా. "ఆ ఇంట్లో కాలుపెడితే చచ్చేదాకా నేను నిన్న దిగినదాన్నే."

ఆ ఇంట్లో గొంతు పెంచకుండా అన్న మాట నేను వినడం అదే మొదలు. ఆ వింతకు చలించి సలహా చెప్పాను. మా వంశంలో సలహా ఇవ్వడం తరతరాల వ్యసనం.

"చూడండి, మీరిద్దరూ రోజూ అరుచుకున్నట్టు ఆదివారం అరుచుకుంటే కొంప మునుగుతుంది. మర్యాద ముఖ్యం. మీరు, గారు, దయచేసి, థాంక్సండి. తనిఖీకి వచ్చినవాళ్లకు కుటుంబమంటే ఆదర్శంగా కనబడాలి."

"దీన్ని గారూ అనాలా నేను?" అన్నాడు ఆస్మండ్.

"ఈయన్ని మీరూ అనాలా నేను?" అంది జింట్రా.

"ఒక్క పూట. ఆ పొయ్యి మాత్రం నా కంట కూడా పడకూడదు. నేను సాక్షిని."

ఆదివారం హిల్డా తొరోడ్ వచ్చింది. సంచిలో ఒక టేపు, ఒక ఉష్ణమాపకం, జనాభా ఆఫీసు వారి చేతిపుస్తకం. ఆమెను గుమ్మంలో చూసి ఆస్మండ్ చేతులు చాచాడు.

"రా తల్లీ, రా! అత్త పోయాక ఈ గడప తొక్కడమే మానేశావ్."

"డ్యూటీలో ఉన్నాను క్వెరిపెల్ గారూ."

"డ్యూటీ అయ్యాకో?"

"అయ్యాక మామయ్యా అంటాను. ఇప్పుడు దయచేసి మేడగదికి దారి చూపించండి."

పైన గోడలకు చెయ్యి ఆనించి చూసింది. కిటికీ తెర వాసన చూసింది. బల్ల మీద ఉష్ణమాపకం పెట్టి, ధ్యానంలో ఉన్న మునిలా కళ్లు మూసుకుని కూర్చుంది. అనుమానం తప్ప ఏమీ దొరకలేదు. ఆ పొయ్యి ఎక్కడ దాచారో నాకు తెలియదు, కిందికి వచ్చి భోజనాల బల్ల చూసేదాకా. ఆడెలా స్మారకమైన ఊలు టోపీ బల్ల మధ్య ఎన్నడూ లేనంత చదునుగా కూర్చుని ఉంది. దాని అంచు కిందనుంచి నల్లటి తీగ ఒకటి ఎలుక తోకలా బయటికి వేలాడుతోంది. నేను నా టోపీ తీసి ఆ తోక మీద పెట్టాను. పెద్దల అధికారాల జాబితాలో ఈ పని లేదు, నిషేధాల్లోనూ లేదు.

కుండ బల్ల మీదికి వచ్చింది. చేతిపుస్తకం ప్రకారం తనిఖీ అధికారి కూడా కుండలోంచి తినాలి. నలుగురం కూర్చున్నాం.

"జింట్రా గారూ, మీకు ఇంకాస్త చిక్కుళ్లు వడ్డించమంటారా?" జీవితంలో మొదటిసారి ఆస్మండ్ గొంతు క్రేను దిగి నేల మీద నడిచింది.

"చాలండి క్వెరిపెల్ గారూ. చాలా థాంక్సండి."

"ఆ వెన్న కొంచెం ఇలా దయచేయిస్తారా?"

"అయ్యో, తప్పకుండానండి. ఇదుగోండి."

"థాంక్సండి."

"పరవాలేదండి."

బల్ల కింద పడుకున్న కుక్క లేచి, ఇద్దరి ముఖాలూ పరిశీలనగా చూసి, పరాయి ఇంటికి వచ్చానేమోనన్నట్టు వెళ్లి తలుపు దగ్గర కూర్చుంది.

"టీ ఉన్నట్టుందే," అంటూ హిల్డా ఊలు టోపీ వైపు చెయ్యి చాచింది.

"చల్లారిపోయింది!" అన్నాం ముగ్గురమూ ఒక్కసారే.

"చల్లారినదానికి టోపీ ఎందుకు?"

"చల్లదనం పోకుండానండి," అన్నాడు ఆస్మండ్.

హిల్డా చెంచా కింద పెట్టి చేతిపుస్తకం తెరిచింది. "ఇరవై రెండో నిబంధన. 'ఒకే కుండలో భుజించువారు ఒకరికొకరు కృతజ్ఞత చెప్పుకొనరు. చెప్పుకొన్నచో, వారిలో ఒకరు డబ్బిచ్చి భుజించుచున్నట్లు భావించవలెను.'"

ఆ నిబంధన తయారుచేసిన ఉపసంఘంలో నేనూ ఉన్నాను. ఓటింగు మధ్యాహ్న భోజనం తరవాత జరిగింది. నా చెయ్యి నిద్రలోనే లేచి చట్టానికి సేవ చేసిందని తోటి సభ్యులు చెబుతారు.

"ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పట్నుంచీ థాంక్స్ తప్ప మరో మాట వినలేదు నేను," అంది హిల్డా. "హోటల్లో కూడా ఇన్ని వినబడవు. క్వెరిపెల్ గారూ, మీరు ఈవిడకు ఏమవుతారు?"

"ఏమవుతానంటే..." ఆస్మండ్ నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. "ఏమవుతానండి?"

"గది అద్దెకిచ్చినవారు," అని పైకే అనుకుంటూ రాసుకుంది హిల్డా.

కిటికీలోంచి పక్కింటి మూడు వంటిళ్ల మూడు పొగగొట్టాలూ కనబడుతున్నాయి. జింట్రా వాటినే చూస్తోంది.

సంతకానికి కలం మూత తీసి హిల్డా ఒక్క క్షణం ఆగింది. డ్యూటీ కాస్త జారింది. "వంట మాత్రం బ్రహ్మాండంగా ఉంది. నిజం చెప్పాలంటే మా అత్త చేసినదానికన్నా బాగుంది. చిన్నప్పుడు ఈ కుండలోది తింటే తడిసిన అట్టముక్క నమిలినట్టుండేది."

"అదే వంటండి!" ఆస్మండ్ నొచ్చుకున్నాడు. "ఆడెలా చేసినట్టే చేశాను, గింజ తేడా లేకుండా. ఆవిడ పోయాక ఈ కుండలో నా చెయ్యి తప్ప మరో చెయ్యి పడలేదు."

"పడలేదా?" అంది జింట్రా.

"ఏమన్నారండి?"

"మరో చెయ్యి పడలేదా అంటున్నా! శనివారం నువ్వు గుర్రుపెట్టగానే లేచి కిందికి ఎవరొస్తున్నారనుకున్నావ్, నీ ఆడెలా దెయ్యమా? షాజీరా ఎవరేశారు? పొగబెట్టిన మాంసం ఎవరేశారు? నీ చిక్కుళ్లు నువ్వు వండినట్టే ఉండుంటే నీ కుక్క ఈపాటికి పట్టీ ఇంటికి కాపురం మార్చేది!"

ఆస్మండ్ గొంతు ఒక్క అంగలో తిరిగి క్రేనెక్కింది. "ఆడెలా కుండలో షాజీరానా!"

"షాజీరానే! గుప్పెడు!"

"అంటే ఏడేళ్లుగా నా కడుపులో లాట్వియా పోస్తున్నావన్నమాట!"

"పోస్తే ఏం పోయింది నీకు? మలబద్ధకం పోయింది! డాక్టరు దగ్గర పొద్దుటి నడక వల్లేనని కోతలు కోశావుగా! నడకట, నడక! గేటు దాకా వెళ్లి పేపరు తెచ్చుకోవడం కూడా నడకేనా?"

"నా కడుపు సంగతి తనిఖీ అధికారి ముందు పెడతావా? సిగ్గులేదూ? స్నానాల గదిలో జుట్టు వదిలేది నువ్వు, రేడియో స్టేషను మార్చేది నువ్వు..."

"పళ్ల సెట్టు నా కాఫీ కప్పులో నానేసేది నువ్వు!"

"ఒక్కసారి!"

"రెండుసార్లు! ఈస్టరుకు కూడా!"

"అయినా కుండలో దొంగచాటుగా చెయ్యి పెట్టినదానివి, అంతటితో ఊరుకున్నావా? నా వంట నచ్చక, నా ఇంట్లో, నా నెత్తిమీద వేరు కుంపటి పెట్టింది హిల్డా, వేరు కుంపటి! ఇదిగో, నీ కళ్లతో చూడు!" అంటూ ఆస్మండ్ ఊలు టోపీని లాగి పైకెత్తాడు.

చిక్కుళ్ల కుండ పక్కన కరెంటు పొయ్యి దిగంబరంగా కూర్చుని ఉంది.

తరవాత ఆస్మండ్, శవం ముఖం మీద గుడ్డ కప్పినట్టు, ఊలు టోపీని మెల్లగా తిరిగి పొయ్యి మీద కప్పాడు.

"అయిపోయింది," అంది జింట్రా. కుర్చీలో వెనక్కి వాలింది. "నీ నోరు పడిపోను ముసలాయనా. ఏడేళ్లు. పన్ను కూడా పీకించుకోలేదు నేను."

"రాయమ్మా హిల్డా," అన్నాడు ఆస్మండ్, పక్కింటికి వినబడనంత చిన్నగా. "ఆ పొయ్యి నాదని రాయి. నేనే కొన్నాను. నేనే వాడతాను. దానికేం తెలియదు."

"అబద్ధం," అంది జింట్రా. "నీకు ప్లగ్గు పెట్టడం కూడా రాదు."

"నేర్చుకుంటానే!"

"ఎప్పుడు? నన్ను పడవెక్కించాకా?"

హిల్డా కలం గాలిలోనే ఉంది. ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, అప్పటిదాకా రాసినదంతా మరోసారి చదువుకుంది. "క్వెరిపెల్ గారూ, ఇందాక మీరన్న మాట మళ్లీ చెప్పండి."

"ఆడెలా కుండలో షాజీ..."

"దాని తరవాతది."

"వేరు కుంపటి పెట్టిందన్నాను. కోపంలో నోరు జారానమ్మా, అది..."

"అద్దెకున్నవాళ్లు వేరు కుంపటి పెట్టరు," అంది హిల్డా, చట్టానికి ప్రాణం పోస్తున్నదానిలా ఒక్కొక్క మాటా ఆచితూచి. "వాళ్లది మొదట్నుంచీ వేరే. అద్దెవాళ్లు ఖాళీ చేస్తారు. వేరుపడేది ఇంటివాళ్లు. ముందు ఉమ్మడి లేకుండా తరవాత వేరు ఎక్కణ్ణించి వస్తుంది?" రాసినదాన్ని కొట్టేసి కింద కొత్త వాక్యం మొదలుపెట్టింది. "'సదరు జింట్రా, కుండ విషయమై కుటుంబంలో తలెత్తిన కలహం కారణంగా, అలిగి...' మార్హూ చట్టంలో అలకకు శిక్ష ఉందా పెద్దమనిషి గారూ?"

"లేదు," అన్నాను. "కాని రెండో నిప్పు..."

ఆమె చూసిన చూపుకు నా వాక్యం సగంలో చచ్చిపోయింది.

"ఆ వస్తువు ప్లగ్గులో ఉందా?"

"లేదు."

"నిప్పుందా?"

"లేదు."

"టీ టోపీ కింద ఉన్న పదార్థాన్ని, విరుద్ధంగా రుజువయ్యేదాకా, టీ గానే భావించాలి." సంతకం చేసి, కలం మూత బిగించి, పుస్తకం సంచిలో పడేసింది. "డ్యూటీ అయిపోయింది. మామయ్యా, ఇంకో గరిటె వెయ్యి. షాజీరా ఎక్కువున్న వైపునుంచి."

ఆ తీర్పు మా ధర్మశాస్త్రంలో కొత్త శకానికి నాంది పలికింది. పన్నెండుగురం సమావేశమై ఇరవై రెండో నిబంధనను సవరించాం. కుటుంబత్వానికి ఇకమీదట ప్రమాణం "సహజమైన కలహం". ఆ సవరణ అచ్చయిన మరుసటి ఆదివారం నుంచి దీవి అంతటా కిటికీలు తెరుచుకున్నాయి. పెద్దలు చర్చినుంచి ఇంటికి నడిచివెళ్లే వేళకు ఇంటింటా తగాదాలు మొదలవుతాయి. మదైరానుంచి వచ్చిన హోటలు వడ్డనదారుడు ఒకాయన, ఎనభై ఏళ్ల ఇంటి యజమానురాలితో, "నీ... కూర... పాడుగాను" అని కాగితం చూసి చదువుతాడు. ఆవిడ, "కాస్త గట్టిగా బాబూ, పెద్దలొస్తున్నారు," అంటుంది. ఇద్దరు ఫిలిప్పీనో నర్సులు తమ ఇంటాయన్ని తిట్టడానికి మనసు రాక కన్నీళ్లు పెట్టుకున్నారు. కన్నీళ్లు ఇంకా బలమైన సాక్ష్యమని ఉపసంఘం అభిప్రాయపడింది. ప్రపంచంలో అత్యంత మర్యాదస్తులైన జనం, చట్టానికి విధేయులై, వారానికొకసారి బూతులు నేర్చుకుంటున్నారు.

ఆ సంగీతంలో అపస్వరం లేని గొంతులు రెండే, ఆస్మండ్ ఇంటివి. వాళ్లకు ఆదివారంతో పని లేదు. కుండలో షాజీరా వెయ్యవచ్చా కూడదా అన్న మహాసంగ్రామం వారమంతా సాగేది. శుక్రవారం కరెంటు పొయ్యి బాహాటంగా, ఊలు టోపీ కిందనుంచే, వంటింటి బల్ల మీదికి దిగేది. వేయించిన నల్లరొట్టెలో సగం ఆస్మండ్ తిని, తినడానికి పనికిరాదని తిట్టేవాడు.

ఫెన్విక్ ఓడినవాడు కాదు. వాసన మీద పెట్టిన ఫిర్యాదు వీగిపోయాక శబ్దం మీద పెట్టాడు. మళ్లీ పెట్టాడు. ఏడాది తిరిగి జింట్రా శాశ్వత హక్కు దరఖాస్తు న్యాయస్థానం ముందుకొచ్చినప్పుడు, కుటుంబత్వానికి రుజువేదని న్యాయమూర్తి అడిగితే, హిల్డా ఒక్కటే కాగితం పైకెత్తి చదివింది. "పక్కింట్లోనుంచి అహోరాత్రములు వినవచ్చు దూషణములు, రక్తసంబంధీకులు తప్ప నాగరికులెవ్వరును ఒకరిపైనొకరు ప్రయోగించుకొనజాలనివి." కింద ఫెన్విక్ సంతకం. ఇంత నిష్పక్షపాతమైన సాక్ష్యం తాను చూడలేదని న్యాయమూర్తి మెచ్చుకున్నారు. హక్కు మంజూరైంది. ఫెన్విక్ మాత్రం నేటికీ మూడు వంటిళ్లలో దేంట్లో పస్తుండాలో నిర్ణయించుకోలేక సతమతమవుతున్నాడు.

అయితే ఆ తరవాతి ఆదివారం చర్చినుంచి వస్తుంటే ఆస్మండ్ ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కిటికీ తెరిచే ఉంది, మాట లేదు. కొత్త హక్కు ప్రకారం జింట్రా ఇక ఏ స్వదేశీ ఇల్లైనా తన పేరుతో తీసుకోవచ్చు. రేవు పక్కన చిన్న ఇల్లొకటి ఖాళీ అయిందని పేటలో చెప్పుకుంటున్నారు. గేటు తీసుకుని లోపలికి వెళ్లాను.

ఇద్దరూ బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, పలకకుండా తింటున్నారు. కుక్క తలుపు దగ్గరుంది. జింట్రా ఉప్పు ఆస్మండ్ వైపు జరిపింది. అతను తల వంచుకుని, నేలమీది గొంతుతో, "థాంక్సండి," అన్నాడు.

జింట్రా చెంచా ఆగిపోయింది. ఆమె తలెత్తినప్పుడు చూశాను, ఎడమ బుగ్గ బన్నురొట్టెలా వాచి ఉంది.

"ఏవన్నావ్?" అంది. మాట పూర్తిగా తిరగడం లేదు.

"థాంక్సన్నాను. హక్కొచ్చింది కదా. మూణ్ణెల్లుగా ఆ రేవు పక్క ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని పేపరు చూస్తున్నావు. నిన్నట్నుంచీ నోరు విప్పలేదు. చెప్పడానికి మొహమాటపడుతున్నావు. ఎందుకూ మొహమాటం? ఎప్పుడు ఖాళీ చేస్తావో చెప్పు."

"పన్ను పీకించుకున్నాను ముసలి గాడిదా! నిన్న పడవ మీద వెళ్లి! నోరు విప్పితే ప్రాణం పోతోంది! పేపర్లో చూసింది పడవల వేళలు!" బుగ్గ పట్టుకుని లేచింది. "అయినా ఖాళీ చెయ్యడానికి నేనేమన్నా అద్దెకున్నానా ఇక్కడ? పోతే వేరుపడి పోతా. పెద్దల్ని పిలిచి, పంపకాలు పెట్టించి, ఈ కుండలో సగం పుచ్చుకుని మరీ పోతా!"

"ఆడెలా కుండలో సగమా!"

"సగం! మూత కూడా!"

"మూత ముట్టుకున్నావో..."

కుక్క తలుపు దగ్గర్నుంచి లేచి వచ్చి బల్ల కింద పడుకుంది. కంచె అవతల ఫెన్విక్ కిటికీ దభాలున మూసుకుంది. నేను టోపీ తగిలించి, నాకూ ఒక పళ్లెం పెట్టమన్నాను; ఎవరూ వినిపించుకోలేదు.